వరుసలో రాళ్లు, వసారాలో మనుషులు

చింతలగడ్డ, 2-5-1969

మానుకోట సంచార దవాఖాన గుమాస్తా దయాకర్ గారికి, గూడూరు పక్క చింతలగడ్డ నుంచి సోమనర్సయ్య దండం పెట్టి రాసేది.

గురువారం పదింటికి రావాల్సిన మీ దవాఖాన బండి రెండింటికి వస్తున్నది. అందాక ఎండలో వరుసకట్టి నిలబడుతున్నాం. మా ఊరి ముసలమ్మ ఓదెమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది మీ డాక్టరు వారం వారం వేసే మందు మీదే ఉంది. నిన్న నిలబడలేక ఇంటికి తిరిగిపోయింది. ఏదన్నా దారి చూపండి.

ఇట్లు,
సోమనర్సయ్య

తా.క.: బండి ఎప్పుడొస్తుందని అడిగితే డ్రైవరు వెంకన్న "వచ్చినప్పుడే వస్తది" అన్నాడు. ఆ మాట మీద మాకు అనుమానం లేదు.

మానుకోట, 6-5-1969

పెద్దలు సోమనర్సయ్య గారికి నమస్కారాలు.

ఆ బాటలో తొందరపెడితే బండినే దవాఖానలో చేర్చాలి. ఎదురుచూపును మాత్రం తేలిక చేయగలను. రెండు బెంచీలు, ఒక రేడియో పంపుతున్నాను. బడి వసారాలో నీడన కూర్చుని పాటలు వినండి, పొద్దు తెలియదు. వరుస మాత్రం తప్పొద్దు. వరుస లేకుంటే డాక్టరు గారు బండి దిగరు.

మీ దయాకర్

తా.క.: రేడియో మా ఆవిడ సునందది. మరమ్మతుకు ఇచ్చానని చెప్పాను.

చింతలగడ్డ, 23-5-1969

దయాకర్ గారికి సోమనర్సయ్య నమస్కారం.

రేడియో బాగుంది. రోగం లేనివాళ్లు కూడా వచ్చి ఎదురుచూస్తున్నారు. కానీ రెండు గురువారాలుగా బండే రాలేదు. ఓదెమ్మ కన్ను ఎర్రబడింది. "నాకు పాటలు వద్దు బిడ్డా, మందు గావాలె" అంటున్నది. నాకు భయంగా ఉంది.

ఇట్లు,
సోమనర్సయ్య

తా.క.: వరుస తప్పలేదు. మేం కదిలినా అది కదలలేదు.

మానుకోట, 26-5-1969

సోమనర్సయ్య గారికి,

బండి రెండుసార్లూ వచ్చింది. మీ ఊళ్లో రోడ్డుకు అడ్డంగా రాళ్లున్నాయని, తెలంగాణ ఉద్యమం వాళ్లు బాట ఆపారనుకుని వెంకన్న దూరం నుంచే వెనక్కి తిప్పాడు. "రాళ్లు లైనుగ వెట్టిన్రు, జర ముందుకు పోతే అద్దాలు పగులుతయి" అంటున్నాడు. మూడోసారీ ఇట్లాగే అయితే మీ ఊరిని జాబితాలోంచి కొట్టేస్తామని పైఅధికారి అన్నారు.

దయాకర్

తా.క.: మరమ్మతు దుకాణం ఎక్కడని సునంద అడుగుతున్నది.

చింతలగడ్డ, 28-5-1969
(తండా తావుర్యా చేతికిచ్చి పంపినది)

దయాకర్ గారికి తొందరగా రాసేది.

అవి ఉద్యమం రాళ్లు కావు. అవి మేమే. వరుస తప్పొద్దన్నారు, నీడన కూర్చోమన్నారు. రెండూ ఒక్క మనిషితో అయ్యే పని కాదు. అందుకే వచ్చినవాళ్లు వచ్చినట్టు ఒక్కో రాయి పెట్టి వసారాలో కూర్చుంటున్నాం. బండి ఆగేది రోడ్డుకు అవతల, బడి ఇవతల, అందుకే వరుస రోడ్డుకు అడ్డంగా పడింది. రేడియో మోతలో బండి చప్పుడు వినబడలేదు. మొదటి నల్లరాయి ఓదెమ్మ. ఆమెను చూసి వెనక్కి తిరగొద్దని వెంకన్నకు చెప్పండి.

సోమనర్సయ్య

తా.క.: రెండో రాయి నేను. కొంచెం వంకరగా ఉంటాను.

చింతలగడ్డ, 30-5-1969

దయాకర్ గారికి వేయి దండాలు.

నిన్న బండి వచ్చింది. ఓదెమ్మ పొద్దటి నుంచీ తన రాయి పక్కనే నిలబడింది. డాక్టరు గారు దిగి మందు వేశారు. ఇంకో వారమైతే పోయేదట, కన్ను నిలిచింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నల్లరాయిని కొంగున కట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది.

మిగతావాళ్లం లేవలేదు, మంచి పాట వస్తున్నది. డాక్టరు గారు వసారాకు వచ్చి "మీ కోసం నేనెంతసేపు సూడాలె?" అన్నారు. బెంచీ చూపించాం. నాలుగు పాటలు విన్నారు.

ఇట్లు,
సోమనర్సయ్య

తా.క.: బండి మా దగ్గరే పొద్దుగూకేదాకా ఉంది. పక్కూరు వాళ్లు నిన్నంతా ఎండలో నిలబడ్డారట, మీకు రాస్తారు. వాళ్లకు వేరే రేడియో చూడండి. ఇది ఇంకా మరమ్మతులోనే ఉందని సునందమ్మకు చెప్పండి.