కైలాసగిరి ఎక్కని కారు

ఫిబ్రవరి 3, సోమవారం

బావ ఓడ వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి బొగ్గు వేసుకుని. పోర్టులోకి కాదు, బయట లంగరేసుకుని ఆగే యాంకరేజ్‌కి. సరుకు దింపే బెర్త్ ఖాళీ లేదట. పొద్దున్నే ఫోన్ చేశాడు. ఎనిమిది నెలల తర్వాత గొంతు తెగిపోకుండా వినబడింది. బెర్త్ దొరికితే ఇక్కడే సైన్ ఆఫ్, ఓడ దిగి ఇంటికే అన్నాడు. మొగుడైనా నాకింకా బావే. మేనమామ కొడుకుని ఏమండీ అని పిలవడం నాకు రాలేదు.

సాయంత్రం పెదజాలరిపేట ఒడ్డున నిలబడి చూశాను. నల్లగా ఓ పది మచ్చలు. అందులో ఏది?

సూరన్న మావయ్య వేటకెళ్ళి వస్తూ దగ్గరగానే చూశాడట. ఎర్ర ఓడ, నాలుగు పసుపు క్రేన్లు. నన్నూ పడవలో తీసుకెళ్ళమన్నాను. నేవీ వాళ్ళు పట్టుకుంటారమ్మా అన్నాడు. కొడుకు ఓడని తను చూశాడు, నేను చూడలేదు. రాత్రి అన్నం వడ్డిస్తుంటే మావయ్య మీద కుళ్ళు పుట్టింది.

ఫిబ్రవరి 4, మంగళవారం

కొండ మీంచి అయితే రంగులు తెలుస్తాయనిపించింది. ద్వారకా నగర్‌లో మా కోచింగ్ సెంటర్‌లో హాఫ్ డే లీవ్ పెట్టి, కారు తీసి కైలాసగిరి బయల్దేరాను.

ఎక్కలేదు. మొదటి మలుపుకే మూలిగింది. సెకండ్ నుంచి ఫస్ట్‌కి దించినా ప్రాణం లేదు. వెనక హారన్లు. ఒక స్కూటర్ మీద ముసలాయన నన్ను దాటుకుని పోయాడు. సగంలో రివర్స్ చేసి దిగిపోయాను.

ఈ కారు డిసెంబర్‌లో గోపాలపట్నంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. బావ ఫోన్‌లోనే సరే అన్నాడు. ఇంతవరకు దాన్ని చూడనేలేదు. డ్రైవింగ్ నేర్చుకున్నది కూడా తను లేనప్పుడే. పికప్ లేదని మొదట్నుంచీ తెలుసు. పెట్రోల్ తాగుతుందనీ తెలుసు. పాత బండి కదా అని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 5

ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మార్చాడు నాగవంశీ. గోపాలపట్నం మెకానిక్. ఇక ఎగురుతుందన్నాడు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఎగరలేదు. ఫ్యూయల్ ఫిల్టర్ కూడా మార్చాం. అదే మూలుగు. ఫుల్ ట్యాంక్ కొట్టించి లెక్క చూస్తే లీటరుకి పదకొండు కిలోమీటర్లు కూడా రావడం లేదు. ఈసారి ఇంజిన్ విప్పాలేమో అంటున్నాడు.

తను ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు ఇంత బాధ లేదు. దూరం దూరంలా ఉండేది. ఇప్పుడు బావ చూసే వర్షం నేనూ చూస్తున్నాను. మధ్యాహ్నం మబ్బు పట్టి రెండు చినుకులు పడ్డాయి. ఫోన్ చేసి అక్కడా పడిందా అని అడిగాను. పడిందన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

కారు సంగతి బావకి ఇవాళే చెప్పాను. తను ఓడ ఇంజిన్ రూమ్‌లో ఫిట్టర్. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, ఉన్న నాలుగు నిమిషాలూ ప్లగ్గుల గురించి మాట్లాడుకోవడం ఇష్టం లేక.

బావ గొంతు మారిపోయింది. సంతోషం. ఎనిమిది నెలలుగా నాకేమీ చేసి పెట్టలేకపోయిన మనిషి.

“ఇంజిన్ గట్టిగా అరిసి, బండి మాత్రం కదలకపోతే క్లచ్చు. అలాగుందేటి?”

“లేదు బావా. ఇంజినే మూలుగుతంది.”

“అయితే ఇంజిన్ మంచిదే. ఎక్కడో ఏదో ఎనక్కి లాగుతంది. సదరంగా ఉన్న రోడ్డు మీద మెల్లగా ఎల్తా, న్యూట్రల్‌లో ఒగ్గేసి సూడు. నాను లైన్‌లోనే ఉంటాను.”

ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్క సీట్లో ఉంచాను. బీచ్ రోడ్డు మీద ఎవరూ లేని చోట వదిలాను. పది బారలు కూడా దొర్లలేదు, ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది. దిగి ఒక్కో చక్రం దగ్గరా చెయ్యి పెట్టి చూడమన్నాడు. తగలనివ్వొద్దన్నాడు. మూడు మామూలుగానే ఉన్నాయి. వెనక ఎడమది పొయ్యిలా ఉంది. కాలిన వాసన కూడా.

హ్యాండ్ బ్రేక్ అన్నాడు. మా సందు సముద్రం వైపు వాలు. రోజూ బ్రేక్ లాగి ఉంచుతాను. ఉప్పు గాలికి కేబుల్ తుప్పు పట్టి, దించినా బ్రేక్ పూర్తిగా వదలడం లేదట. ఇక మీదట గేర్‌లో పెట్టి, చక్రం కింద రాయి పెట్టమన్నాడు.

ఆ తర్వాత కూడా ఫోన్ పెట్టేయలేదు. కారులో అలాగే కూర్చున్నాం. అవును, కూర్చున్నాం అనే రాస్తాను.

ఫిబ్రవరి 10

వెనక చక్రం బ్రేక్ డ్రమ్ విప్పి చూపించాడు నాగవంశీ. బావ చెప్పిందే. కేబుల్, బ్రేక్ షూలు కొత్తవి. గోపాలపట్నం నుంచి వస్తుంటే కాలు ఆనించగానే పరిగెత్తింది. భయమేసింది. నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

సాయంత్రం కొండ ఎక్కాను. థర్డ్‌లోనే చాలా మటుకు ఎక్కేసింది. పైన రెయిలింగ్ దగ్గరికి దాదాపు పరిగెత్తాను.

ఎర్ర ఓడ. నాలుగు పసుపు క్రేన్లు. వెనక నీళ్ళు తెల్లగా చీలుతున్నాయి.

కదులుతోంది.

ఫోన్ చేస్తే రెండోసారికి ఎత్తాడు. మధ్యాహ్నం ఆర్డర్ వచ్చిందట. ఇక్కడ బెర్త్ లేదు, పారాదీప్ పోర్టుకి వెళ్ళమన్నారు. తన బదులు రావాల్సినవాడు రాలేదు, కాబట్టి సైన్ ఆఫ్ కూడా లేదు. ఇంకో రెండు నెలలు. కింద ఇంజిన్ రూమ్‌లో ఉండి చెప్పడానికి కుదరలేదన్నాడు.

“కొండ మీదున్నావేటి?” అన్నాడు.

“ఉన్నాను. కనబడతన్నావ్ బావా.”

అబద్ధం. ఓడ కనబడింది. బావ కనబడలేదు.

పారాదీప్‌లో మూడు రోజులు సరుకు దింపుతారట. ఏజెంట్‌ని అడిగితే ఇంటివాళ్ళకి గేట్ పాస్ ఇప్పిస్తాడన్నాడు, ఓ గంటో రెండు గంటలో. అంత దూరం ఎలా వస్తావులే అని తనే అనేశాడు. నేను అవును అన్నాను.

ఫిబ్రవరి 12, ఉదయం

నిద్ర లేదు. రైలు చూశాను, టికెట్లు లేవు. కారు వైపు చూశాను. హైవే మీద నేను ఎప్పుడూ అనకాపల్లి దాటలేదు. గేట్ పాస్ సంగతి రాత్రే మావయ్యకీ అత్తకీ చెప్పాను కానీ, ఈ పిచ్చి ఆలోచన ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. వంటింట్లో కూర్చుని నీళ్ళు తాగుతుంటే పోతమ్మత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో చేపల వేపుడు క్యారేజీ, పాస్ కోసం ఆధార్ కార్డు.

“నాను సీరె మార్సుకున్నాను. నువ్వేటి ఇంకా అలాగే కూకున్నావ్?”

కోచింగ్ సెంటర్‌కి జ్వరం అని మెసేజ్ పెట్టాను.

మధ్యాహ్నం

రాష్ట్రం సరిహద్దు ఇచ్ఛాపురం దాటాం. టీ కోసం కారు ఆపాను, అత్త నిద్రపోతోంది. సముద్రం కుడి పక్కనే ఉండాలి, రోడ్డు మీంచి కనబడదు. అయినా నా వైపు అద్దం దించే ఉంచాను.