చెరిపేసిన గ్రాఫు

కోడూరు, మంగళవారం

ఇవాళ ఎనిమిదో తరగతి పిల్లలు ఇళ్ళ నుంచి సీసాల్లో బోరు నీళ్ళు తెచ్చారు. ఉప్పు కొలిచే మీటరు ముంచగానే డిజిటల్ బోర్డు మీద గీత లేస్తోంది. క్లాసంతా ఒకటే కేకలు. నాలుగు గీతలు మాత్రం మిగతావాటిని దాటిపోయాయి. ఆ నాలుగిళ్ళూ స్కూలు కమిటీ చైర్మన్ గారి రొయ్యల చెరువుల పక్కవే. సీసాల మీద ఇంటిపేర్లు రాయించింది నేనే, బుద్ధి తక్కువై.

ఎవరు చేరవేశారో, బడి వదలకముందే ఆయన గుమ్మంలో నిలబడ్డారు.

"పాఠం చెప్పండమ్మా, కాదనను. ఊళ్ళో తగువులు పెట్టకండి. అది చెరిపేయండి."

గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది. మీటరు తప్పు చూపించిందేమోనని గొణిగి, పిల్లలు చూస్తుండగానే చెరిపేశాను.

కానీ బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాసుకోమని రోజూ చెప్పేది కూడా నేనే. దిద్దడానికి తెచ్చుకున్న నోట్సులన్నిటిలో ఆ గీతలే. చైర్మన్ గారమ్మాయి శ్రావణి వాటి కింద ఇంకో వాక్యం రాసింది: "టీచర్, మా చెరువుల దగ్గరే ఉప్పు ఎందుకు ఎక్కువ?"

మీటరు తప్పు కాదు. ఆయన రాకముందే క్లాసులో కడిగి, రెండోసారి ముంచి మరీ చూపించాను పిల్లలకి.

ఎర్ర పెన్ను మూత తీసే ఉంది. ఆ ప్రశ్న పక్కన ఏం రాయను...