‘ట’ దగ్గర ఆగిపోయిన నిఘంటువు

ప్రియమైన పెద్ద సంతానానికి,

ఇక్కడ అందరం క్షేమం. మూడేళ్ల తర్వాత ఉత్తరమేమిటని కంగారుపడకు, ఇది ఆఫీసు పని. మా నిఘంటువు ‘ట’ దగ్గర ఆగిపోయింది. ‘ట్రాన్స్‌ఫోబియా’ అనే మాటకి “ట్రాన్స్‌జెండర్ వ్యక్తులంటే కలిగే భయం” అని అర్థం రాశాను. ఉదాహరణ వాక్యమే దొరకలేదు. మా నియమం నీకు తెలుసుగా, మనం అల్లిన వాక్యం పనికిరాదు. ఎవరో ఒకరు నిజంగా రాసిందే కావాలి, రాసినవారెవరో కింద వెయ్యాలి. నిన్ను అడగమని మీ అమ్మ అంది. నేననలేదు.

ఇట్లు,
సంపాదకుడు (మీ నాన్న)

ప్రియమైన సంపాదకుడుగారైన నాన్నకి,

నాలుగు వీధుల అవతల ఉన్నదానికి పోస్టులో ఉత్తరమా! పైగా ‘పెద్ద సంతానం’ ఒకటి. కూతురని రాస్తే సిరా అయిపోతుందా?

అర్థం తప్పు నాన్నా. భయమంటే ఏమిటో మనింట్లో అందరికీ తెలుసు. బల్లి కనపడితే నువ్వు కుర్చీ ఎక్కి అమ్మని కేకేస్తావు. నేను అమ్మాయినని చెప్పిన రోజు నువ్వు కుర్చీ ఎక్కలేదు, నా కుర్చీని అటకెక్కించావు. ఆ మాట పేరులో భయం ఉందేమోగానీ, జనం వాడేది చిన్నచూపుకి, ద్వేషానికి, వెలివేతకి.

మొన్న మా కళ్లజోళ్ల షాపులో ఒకాయన “నీ చేత అద్దాలు పెట్టించుకోను” అని విసవిసా వెళ్లి, మూసి ఉన్న గాజు తలుపుకి గుద్దుకున్నాడు. నుదుటికి ఐసు పెట్టింది నేనే.

ప్రేమతో,
నీ కూతురు

ప్రియమైన కళ్లజోళ్ల నిపుణులకి,

గాజు తలుపు సంగతి బాగుంది. కానీ అది అన్నమాట, రాసినమాట కాదు. కుర్చీ కాలు విరిగిందని అటక మీద పెట్టాను, అంతే. నాలో ద్వేషమెక్కడుంది? నిన్ను ఒక్క మాటైనా అన్నానా? రాసిన వాక్యం ఉంటే పంపు.

ఇట్లు,
నాన్న

ప్రియమైన నాన్నకి,

రాసిందే పంపుతున్నాను, దీంతోపాటు ఉంది. మూడేళ్ల నాటిది, సంతకంతో సహా. చాలాసార్లు చింపేద్దామనుకున్నాను. నీ దస్తూరీ చూసి చేతులు రాలేదు.

కుర్చీ కాలు విరగలేదని అమ్మ చెప్పింది.

నీ కూతురు

ప్రియమైన అమ్మలూ,

కళ్లజోడు విరిగి వారమైంది, నీ షాపుకి రావడానికి మొహం చెల్లలేదు. అందుకే నీ ఉత్తరం కన్నా ముందే కవర్లోంచి జారిన ఆ పాత కాగితాన్ని, ఎవరిదో తెలియక, ఆఫీసులో పక్క సీటాయన చేత చదివించుకున్నాను. “చుట్టాలొచ్చినప్పుడు నువ్వు ఇంటికి రావద్దు. అడిగితే ఊళ్లో లేవని చెబుతాను.” అంతా విని “ఎవడండీ ఈ మూర్ఖుడు? సంతకం చదవండి” అన్నాను. ఆయన సంతకం చూసి, నావైపు చూశాడు.

సిగ్గుతో చచ్చిపోయాను తల్లీ. తప్పు నాదే.

అర్థం మార్చాను: “ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపట్ల చిన్నచూపు, ద్వేషం, వివక్ష.” ఉదాహరణ నా వాక్యమే. కింద ‘సంపాదకుడు, కూతురికి రాసిన ఉత్తరం’ అని వేశాను. ఆ పేజీ అచ్చుకి వెళ్లిపోయింది, ఇక దిద్దడం కుదరదు.

నిన్న అటకెక్కి నీ కుర్చీ దించాను. దాని మీద బల్లి ఉంది. అయినా దించాను. మీ అమ్మ ఇంకా నమ్మడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం చుట్టాలొస్తున్నారు. నా కూతురు ఊళ్లోనే ఉందని చెప్పాను.

నీకోసం ఎదురుచూసే,
నాన్న