చిరుగు కనబడే కెమెరా

శుక్రవారం

చిట్టితల్లికి, మీ అమ్మ ఆశీస్సులు, కోపమూ కలిపి పంపుతున్నది.

నేను వీధిలో అందరూ రఫూ మామ్మ అని పిలిచే మనిషిని. వయసు ఆసుపత్రి చీటీ ప్రకారం డెబ్భై నాలుగు, నా లెక్కలో ఇంకో రెండు. లాండ్రీ షాపు పైన రెండు గదుల్లో నేనూ, నీ కూతురూ, నా కుట్టు చట్రమూ ఉంటున్నాం. నేను చెబుతుంటే రాస్తున్నది పై అంతస్తులో టైపు నేర్పే టైపు మేడమ్. ఇవన్నీ నీకు తెలియనివి కావు. నా మీద కేసు వేశావు కాబట్టి కేసులో ఎలా చెప్పుకోవాలో అలాగే చెప్పుకుంటున్నాను.

నిన్న నేను మాట్లాడుతుండగానే ఫోను పెట్టేశావు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు. చింపెయ్యాలంటే చింపు. ముక్కలు నాకు పంపితే, ఎంత కోపంతో చింపావో చూసి చెప్పగలను.

నీ అభియోగం ఏమిటి? చదువురాని ముసలిదాన్ని చూసి షాపువాడు ఎవరో వాడి పారేసిన కెమెరా అంటగట్టాడు, అదీ. "అక్షరం ముక్క రాని నువ్వు కెమెరా కొనడమేంటే అమ్మా?" అన్నావు. విను. అక్షరం రాదు గానీ చూపు వచ్చు. యాభై ఏళ్ళు ఊరందరి కోట్లూ, పట్టుచీరలూ చిరుగు కనబడకుండా అల్లినదాన్ని. నన్ను మోసం చెయ్యాలంటే ముందు నా కళ్ళను మోసం చెయ్యాలి.

పిల్ల జిరాక్సు షాపులో పాస్‌పోర్టు ఫోటోలు తీసి రెండేళ్ళు కూడబెట్టింది. దానికి నేను కొంత కలిపాను. అంతా కలిపినా కొత్తగా వచ్చిన మంచి కెమెరా మాకు అందదు. ఉన్నదాంతో మూడు రకాలు చూపించాడు షాపు పెద్దాయన. ఒకటి కొత్తదే గానీ బొమ్మలా చిన్నది, నొక్కితే ముక్కు ముందుకు చాస్తుంది. దాన్ని పిల్ల చేత్తో కూడా ముట్టలేదు. మిగతా రెండూ వాడినవి, ఒకే కంపెనీవి. పెద్దాయన ఒక్కొక్కదానికీ ఏవో అంకెలు చదివాడు. "అంకెలు మీ దగ్గరే ఉంచుకోండి" అని చెప్పి, సంచీలోంచి నా మచ్చుగుడ్డ తీసి బల్ల మీద పరిచాను. నీకు తెలుసుగా, ఆ తెల్లటి చొక్కా చెయ్యి. కొత్తగా పని ఇచ్చేవాళ్ళకి దాన్ని చూపించి, ఎక్కడ చిరిగిందో చెప్పండి అనేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

"రెండిటితోనూ దీని ఫోటో తియ్యండి. దేన్లో నా రఫూ దొరికిపోతుందో అది కొంటాం" అన్నాను. పెద్దాయన నవ్వాడు. తీశాడు. మొదటిదాన్లో తెల్లగుడ్డ తెల్లగుడ్డలాగే ఉంది. రెండోదాని లెన్స్ చీమలా గుడ్డకి దగ్గరగా పాకింది. తెర మీద పోగు పోగూ తాడంత లావున లేచింది, నా కుట్టు దొరికిపోయింది. షాపులో ఉన్నవాళ్ళంతా మూగారు. అదే కొన్నాం. నేనూ పిల్లా కలిసే ఎంచుకున్నాం.

రేపు శనివారం టేబుల్ టెన్నిస్ హాల్లో పోటీలున్నాయి. అక్కడి కోచ్ పిల్లని రమ్మన్నాడు. ఫోటోలు నచ్చితే ఈ ఏడాది పోటీలన్నిటికీ దాన్నే పిలుస్తానన్నాడు. నువ్వూ ఒప్పుకున్నావు, బాగా వస్తే ఇక్కడ ఉంటుంది, రాకపోతే కెమెరా తిరిగిచ్చేసి నీతో వచ్చి ల్యాబ్ కోర్సులో చేరుతుంది అని. సరే. రేపటితో తేలిపోతుంది.

సూది అరగదీసిన నా బొటనవేలు ముద్ర పడదు, మరక పడుతుంది. కాబట్టి కింద నల్లదారంతో మూడు కుట్లు వేశాను. అదే నా గుర్తు.

ఇట్లు,
మీ అమ్మ, రఫూ మామ్మ
సాక్షి: రాసిన టైపు మేడమ్


ఆదివారం

తల్లీ, కోపం తగ్గించుకుని చదువు. ఆశీస్సులు.

నిన్న రాత్రి పిల్ల నీకు ఫోనులో చెప్పింది నేను పక్కనే ఉండి విన్నాను. "అమ్మా, ఫోటోలు పోయాయి. తప్పు నాదే" అంది. "వచ్చే ఆదివారం వస్తున్నాను, కెమెరా తిరిగివ్వడానికి అదే ఆఖరి రోజు, బట్టలు సర్దుకో" అన్నావు నువ్వు. అది సరే అంది. ఏడవలేదు. పొద్దున్నుంచీ బట్టలు మడతపెడుతోంది. దాని మడతల చప్పుడు నేను భరించలేకపోతున్నాను.

ఆ హాల్లో ఏం జరిగిందో నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను. పైన రెండే దీపాలు. కింద ఆడపిల్లలు ఇటు నుంచి అటు మెరుపులా దూకుతున్నారు. కెమెరా గుర్రుగుర్రుమంటూ వెతుక్కుంటోంది, అది వెతుక్కునే లోపల బంతి పోయింది, మనిషీ పోయింది. సాయంత్రం కోచ్ ఒక్కొక్కటే చూశాడు. మొహాలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. చేతులు చేతుల్లా లేవు, పొగలా ఉన్నాయి. "ఇవి ఫోటోలా అమ్మా, పొయ్యి మీద ఆవిరా?" అన్నాడు. మంచివాడే, మెల్లగానే అన్నాడు. పిల్ల తల వంచుకుని కెమెరా సంచీలో పెట్టుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్నటి ఉత్తరంలో నేను అబద్ధం చెప్పాను. "కలిసి ఎంచుకున్నాం" అన్నాను చూడు, అది. టైపు మేడమ్ ఇక్కడ కలం ఆపి, "మామ్మగారూ, ఇది కాస్త మెత్తగా రాద్దామా?" అంటోంది. వద్దమ్మా, గట్టిగానే రాయి.

పిల్ల అడిగింది ఆ రెంటిలో మొదటి కెమెరా. దాని లెన్స్ బాగా తెరుచుకుంటుందట, తక్కువ వెలుతురున్నా కదిలేవాళ్ళని పట్టుకుంటుందట. షాపులో నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "అమ్మమ్మా, నేను తీసేది గుడ్డలు కాదు, మనుషులు. మనుషులు కదులుతారు."

"కదలొద్దని చెప్పు" అన్నాను నేను.

షాపంతా నవ్వారు. పిల్ల కూడా నవ్వి ఊరుకుంది. నా బతుకంతా గుడ్డని చట్రానికి బిగించి, నాలుగు మూలలా లాగి, ఊపిరి బిగబట్టి కుట్టినదాన్ని. కదిలేదాన్ని చూడాలంటే వేరే చూపు కావాలని నా బుర్రకి తట్టలేదు. రఫూ చేసేదానికి తప్ప ఇంకెవరికీ ఇలాంటి పొరపాటు జరగదు.

అది కూడా పూర్తి నిజం కాదు. ఇంకా ఉంది, చెప్పేస్తాను. తెర మీద నా కుట్టు కనబడ్డప్పుడు నేను పిల్లని మరిచిపోయాను. మంచి రఫూ అంటే కనబడని రఫూ. నేను పని బాగా చేసిన ప్రతిసారీ, నేను చెయ్యనట్టే ఉండేది. కోటు తీసుకున్నవాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏదీ, ఇందులో నువ్వు చేసిందేముంది?" అనేవాళ్ళు. యాభై ఏళ్ళకి మొదటిసారి నా పనిని నలుగురు నిలబడి చూశారు. ఒకాయన "అబ్బ!" అన్నాడు. ఆ ఒక్క "అబ్బ" కోసం నీ కూతురి కెమెరాని నేను నాకు కొనుక్కున్నాను.

అది నన్ను కాచుకోడానికి తప్పు తన నెత్తిన వేసుకుంది. కాబట్టి నువ్వు శిక్ష వెయ్యాల్సింది నాకు, దానికి కాదు. రేపు పొద్దున్నే షాపుకి వెళ్ళి ఈ కెమెరా ఇచ్చేసి అది అడిగిన కెమెరా తెస్తాను. తరవాత కోచ్ దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెబుతాను. పిల్లకి ఇవేవీ తెలియవు. తెలియనివ్వను.

నిన్ను నర్సు కోర్సులో చేర్పించినప్పుడు కూడా నేను నిన్ను అడగలేదు. నువ్వు మంచి నర్సువయ్యావు, అందరూ మెచ్చుకుంటున్నారు, కాబట్టి నా మాటే సరైనదని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఈ మాట ఇక్కడెందుకు వచ్చిందో నాకూ తెలీదు. వచ్చింది కాబట్టి రాయమన్నాను.

ఇట్లు,
తప్పు ఒప్పుకుంటున్న మీ అమ్మ
గుర్తు: మూడు కుట్లు
సాక్షి: టైపు మేడమ్


శనివారం సాయంత్రం

నా మొండితల్లికి,

ఈ ఉత్తరం రాత్రి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. రేపు పొద్దున నువ్వెక్కే బస్సు ఆయనదే. ఎక్కగానే నీ చేతికిస్తాడు. రెండు గంటల ప్రయాణం, ఎక్కడికీ పారిపోలేవు, నిదానంగా చదువుకో.

సోమవారం షాపు తలుపు తీయకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. పెద్దాయన వచ్చి, "ఆ కెమెరా నిన్ననే అమ్ముడుపోయింది మామ్మగారూ" అన్నాడు. అలాంటిదే ఇంకొకటి తెప్పించమన్నాను. ఇక కొత్తదే తెప్పించాలి, మా దగ్గరున్న డబ్బుకి అది రాదన్నాడు. బతిమాలాను, తరవాత తిట్టాను కూడా. ఆయన అంతా విని మంచినీళ్ళు ఇచ్చి ఒక్క మాట అడిగాడు.

"ఇంతకీ అమ్మాయిని అడిగారా?"

లేదు. అడగలేదు. కెమెరా కొన్న రోజు అడగలేదు, మార్చడానికి వచ్చిన రోజూ అడగలేదు. దాని తప్పు కూడా దాన్ని అడక్కుండానే నా పేర రాయించుకున్నాను. గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చేశాను.

పిల్ల కిటికీ దగ్గర కూర్చుని ఆ పొగ ఫోటోలే మళ్ళీ మళ్ళీ చూసుకుంటోంది. జరిగిందంతా చెప్పాను, నీకు రాసిన ఉత్తరం సంగతి కూడా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. మండిపడింది.

"నా తప్పు నువ్వెలా తీసుకుంటావు అమ్మమ్మా? అమ్మతో నేను అబద్ధం చెప్పలేదు!"

"కెమెరా నేనేగా కొన్నది?"

"కొంటే? నొక్కిన వేలు నాది. తక్కువ వెలుతురులో కూడా చకచకా తియ్యొచ్చు, కాకపోతే ఫోటో మీద ఇసుక చల్లినట్టు గింజ వస్తుంది. ఆ గింజకి భయపడ్డాను. నీ రఫూలా నున్నగా రావాలనుకుని నెమ్మదిగా తీశాను, అందుకే అన్నీ అలుక్కుపోయాయి. సగం లెన్స్ తప్పు, సగం నాది. నా సగం నాకు కావాలి. అది లేకపోతే నేనేం నేర్చుకున్నట్టు?"

నా ఎదుట ఎవరైనా అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. నీ గొంతే అది, అచ్చంగా. నేను చట్రం పక్కన పెట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ మాట అడిగాను. "సరే, నీకేం కావాలో చెప్పు."

ఆలోచించుకోడానికి ఒక పూట కావాలంది. చూడు, అడిగితే వెంటనే చెప్పాలని కూడా లేదన్నమాట! సాయంత్రానికి చెప్పింది. ఆ కెమెరా పోతే పోయింది, దీనికి చెయ్యి అలవాటు పడింది, లెన్స్ ఒక్కటి మారిస్తే చాలని. దగ్గరికి పాకే లెన్స్ ఇచ్చేసి, బాగా తెరుచుకునే మామూలు లెన్స్ తెచ్చుకుంది. అది ఏ షాపులో అయినా దొరికేదేనట. మిగిలిన డబ్బుకి ఇంకో బ్యాటరీ వచ్చింది. బేరం పిల్లే ఆడింది. నేను షాపులో బల్ల మీద కూర్చుని నోరు కుట్టేసుకున్నాను. యాభై ఏళ్ళలో అంత కష్టమైన కుట్టు వెయ్యలేదు.

కోచ్ దగ్గరికి కూడా అదే వెళ్ళింది. "డబ్బులివ్వద్దు సార్, ఒక్క ఆట తియ్యనివ్వండి" అందట. ఆయన ఇవాళ రమ్మన్నాడు.

ఇవాళ కూడా అవే రెండు దీపాలు. పిల్ల నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. నేను వెనక బెంచీ మీద, గుప్పిట్లో సూదిలేని దారం పెట్టుకుని. ఆట అయ్యాక కోచ్ తెర మీద ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. నేను కూడా వంగి చూశాను. గింజలున్నాయి, నిజమే, గోనెసంచి మీద వేసిన బొమ్మలా ఉంది. కానీ అందులో ఒక ఆడపిల్ల గాలిలో ఉంది. బ్యాటు అంచు మీద బంతి ఆగి ఉంది. ఆ పిల్ల మెడ మీద చెమట చుక్క కూడా కిందపడకుండా ఆగి ఉంది.

"వచ్చే శనివారం కూడా రా" అన్నాడు కోచ్. అంతే అన్నాడు. ఏడాది పొడుగునా అని అనలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఈసారి అబద్ధం లేదు.

రేపు నువ్వొస్తావు. షాపుకి రేపే ఆఖరి రోజు, కెమెరా తిరిగిచ్చెయ్యమంటే తీసుకుంటారు. నేను అడ్డుపడను, దాని తరఫున వాదించను కూడా. ఒక్కటే కోరుతున్నాను. సంచీ దించగానే "బట్టలు సర్దావా" అనకు. ఏం కావాలని అడుగు. ఆలోచించుకోడానికి పూట అడిగితే ఇవ్వు.

ఈ ఉత్తరంతో ఒక ఫోటో పెట్టాను. ఆ లెన్స్ తిరిగిచ్చే ముందు పిల్ల నా మచ్చుగుడ్డని తీసిన ఫోటో. కిటికీ వెలుతురులో పట్టుకుని చూడు. ఆ చొక్కా ఎవరిదో నీకు తెలుసు. నర్సు కోర్సులో చేరే ముందు రోజు సాయంత్రం, కొత్త చొక్కా చెయ్యి చిరిగి తెచ్చావు. "తలుపు మేకుకి పట్టుకుంది" అన్నావు. నేను సరే అని తెల్లారేలోపు కుట్టి ఇస్త్రీ చేసి, అదే తొడిగి పంపాను.

మేకుకి పట్టిన గుడ్డ మూల తిరిగి చిరుగుతుంది తల్లీ. చేత్తో లాగి చింపితేనే పోగు వెంట అలా తిన్నగా పోతుంది. ఆ రోజే నాకు తెలుసు. వద్దన్న మాట నువ్వు నోటితో చెప్పలేక చేత్తో చెప్పావు. నేను అర్థమైనదాన్ని అర్థం కానట్టు, ఒక్క పోగు తేడా లేకుండా కుట్టేశాను. నా బతుకులో అంత గొప్ప రఫూ ఇంకొకటి లేదు. అందుకే నువ్వు ఆ చొక్కా వదిలేశాక చెయ్యి కత్తిరించి, మచ్చుగా పెట్టుకుని ఊరందరికీ చూపించుకున్నాను. ఎవరికీ కనబడలేదని మురిసిపోయాను.

ఇప్పుడు కనబడుతోంది. నువ్వూ చూడు.

ఆ రోజు నువ్వు ఏం కావాలనుకున్నావే? రేపు నిన్ను కూడా అడుగుతాను. బస్సు దిగేలోపు జవాబు గుర్తు తెచ్చుకో. గుర్తు రాకపోతే ఒక పూట తీసుకో.

ఇట్లు,
మీ అమ్మ
గుర్తు: మూడు కుట్లు. ఈసారి ఎర్రదారంతో, కనబడాలని.
సాక్షులు: టైపు మేడమ్, మనవరాలు (మొత్తం చదివించుకుని విన్నది, ఒక్క మాట కూడా మార్చవద్దన్నది)