కనజావా చూసొచ్చాను అక్కా

అక్కా,

నువ్వు పోయి ఏడాదయింది. మస్కట్‌లో, అల్ హైల్‌లో నువ్వు వంట చేసిన జపాన్ మేడమ్ ఇంట్లోనే ఇప్పుడు నేను పనిచేస్తున్నాను. ఈ చలికాలం సెలవులకు, పిల్లల్ని చూసుకోవడానికని నన్నూ తమ ఊరు కనజావాకు తీసుకెళ్లారు. నువ్వు చూడాలని ఆశపడ్డ ఊరు!

మన కడప కంటే కాస్త పెద్దది, అంతే. ఊళ్లోనే రెండు నదులు, ఒక కోట, వరసగా పాత చెక్క ఇళ్లు. చేపల బజారులో కూడా నేల అద్దంలా ఉంది. రోజూ వానే, అయినా విసుక్కున్న మనిషి కనబడలేదు. పెద్ద తోటలో మంచు బరువుకు విరిగిపోకుండా ఒక్కో కొమ్మనూ పైనుంచి తాడుతో పట్టి కట్టారు. చెట్లను అంత అపురూపంగా చూసుకునే ఊరిని నేనెక్కడా చూడలేదు.

మస్కట్ వచ్చినప్పుడు నీ చేతి చారు తాగిన మేడమ్ వాళ్లమ్మ, నన్ను చూడగానే "వీళ్లక్క రాలేదా?" అని అడిగిందట. మేడమ్ నావైపు చూసింది.

"అక్క లేదని మీరే చెప్పండి మేడమ్. నాకు నోరు రాదు" అన్నాను.

మేడమ్ అవ్వకు చెప్పింది. మర్నాడు పొద్దున అవ్వ, పోయిన తన భర్త ఫొటో ముందు రోజూ పెట్టే టీ కప్పు పక్కన ఇంకో కప్పు పెట్టి, చేతులు జోడించింది.

అది నీకట అక్కా.