పడవకు ఆరు గద్దీలు

జనవరి 7, మంగళవారం

జాన్సన్ ఇయ్యాల చెంప మీద కొట్టిండు. నేను కత్తెర ఇసిరిన. తగల్లే. గోడ పెచ్చు ఊడింది. ఇంకొంచెం ఎడమకు ఇసరాల్సింది.

లొల్లి భివండి టెంఘర్‌ల ఉన్న నా గాలా, నా కుట్టు దుకాణం గురించి. ఒక షట్టర్, రెండు మిషన్లు, నేను, నాతోని కుట్టే రాజమణి. ఆటో సీట్లు, సోఫా కవర్లు కుడతం. దీవాలి సంది ధందా సల్లగున్నది. నా మొగడు జాన్సన్ గైబీ నగర్‌ల లూమ్‌లు రిపేర్ చేసే మిస్త్రీ. గాలా ఖాళీ చెయ్యి, మా అన్న కార్ఖానల మల్ల కండెలు చుట్టు బ్లెస్సీ అంటడు. పెండ్లయిన కాన్నుంచి చుట్టిన. నూలు దుమ్ముకు రొమ్ముల పిల్లికూతలు వస్తయ్. మల్ల పోను. సచ్చినా పోను.

సాయంత్రం కొలాబా నుంచి ఒక మేడమ్ ఫోన్ చేసింది. పడవకు గద్దీలు, కూసునే మెత్తలు కావాలంట. కాక్‌పిట్ సీట్లకు. కాక్‌పిట్ అంటే విమానంల ఉంటదనుకున్న. కాదంట, తెరచాప పడవల ఎనుక దిక్కు గుంత లెక్క ఉంటదంట, పడవ నడిపెటోళ్ళు అండ్లనే కూసుంటరంట. ఆమె మొగనికి నడుము ఆపరేషన్ అయిందంట. గట్టి చెక్క మీద కూసోలేక పడవ అమ్మేస్త అంటున్నడంట. ఎవరి బాధలు వాళ్ళయి.

చేస్త అన్న. జాన్సన్‌కు చెప్పిన. ఇది గూడ పోతె షట్టర్ దించి కండెల మిషన్ కాడ కూసో అన్నడు. సరే అన్న. నా నోటికి బుద్ధి లేదు.

జనవరి 10, శుక్రవారం

మేడమ్ ఫోటోలు, కొలతలు పంపింది. షరతులు గూడ. మెత్తగుండాలె గని కూసుంటె కింది చెక్క తగలొద్దు. పడవ ఒక పక్కకు ఒరిగితె జారొద్దు. ఎండకు కాలొద్దు. అల మీదికొస్తె నీళ్ళు లోపల ఆగొద్దు. మందం ఎక్కువైతె ఎదురు సీటుకు కాళ్ళు తన్నివెట్టుడు కుదరదంట. పిల్లను చూసెటోళ్ళు గూడ గిన్ని అడగరు.

మూడు రకాల ఫోమ్ ముక్కలు తెచ్చి పల్చటి బట్టతోని సంచులు కుట్టిన. కూసొని చూసుడు మా మామ పని. మామ అంటే జాన్సన్ నాయిన, అబ్రహాము. బతుకంత లూమ్‌ల నడుమ నిలవడి నడుము పోగొట్టుకున్నోడు. ఆయనకు పనికొస్తె ఎవ్వనికైనా పనికొస్తది.

మొదటిది సోఫా ఫోమ్. కూసోంగనే బాగున్నదన్నడు, చాయ్ అయిపొయ్యేసరికి బల్ల తగులుతున్నదన్నడు. రెండోది నీళ్ళు తాగని గట్టి ఫోమ్. కాళ్ళు తిమ్మిరెక్కినయ్. మూడోది జల్లెడ లెక్క రంధ్రాలున్నది. దాని మీద కూసొని బైబిల్ చదువుకుంట కునుకు తీసిండు. లేపి, మగ్గెడు నీళ్ళు పోసి చూసిన. సర్రున కిందికి దిగి ఆయన పంచె మొత్తం తడిసింది. ఇదే బిడ్డా, ఇదే అని ఒకటే నవ్వుడు.

జనవరి 13, సోమవారం

దత్తును కొట్టిన.

జనవరి 14, మంగళవారం

నిన్న గంతే రాసిన. దత్తు ఫోమ్ దుకాణపోడు. నేను అడిగింది జల్లెడ ఫోమ్. వాడు పంపిందేమో పైన ఒక పొర జల్లెడ ఫోమ్, లోపల చిందీలు అతికిచ్చిన ముద్ద, కత్తిరింపుల చెత్త. చేతితోని ఒత్తితె తేడా తెల్వదు. నీళ్ళు పోస్తె తెలిసింది. బకెట్ నీళ్ళు తాగి కూసున్నది దయ్యం.

అదే తడి ముద్దను ఎత్తుకొని దుకాణంకు పోయిన. ఆడోళ్ళకు ఫోమ్ గురించి ఏం తెలుసు, మీ ఆయనను పంపు అన్నడు. ముద్ద తోని మూతి మీద ఏసిన. కుర్చీతో సహా ఎనుకకు వడ్డడు. పెదవి పగిలింది. జనం జమైన్రు. పోలీస్ గీలీస్ వద్దక్కా అని అసలు సరుకు లోపలికెళ్లి తీసిచ్చిండు. మంచిగనిపిచ్చింది. అబద్ధం ఎందుకు, మస్తు మంచిగనిపిచ్చింది.

ఇంట్ల జాన్సన్‌కు తెలిసింది. బజార్ల ఇజ్జత్ తీసినవని జుట్టు వట్టి గుంజిండు. మణికట్టు కొరికిన. మామ నడుమకొచ్చి ఇద్దరిని దేవుని పేరు మీద తిట్టిండు. తండ్రి నడుమకొస్తె జాన్సన్ ఆగుతడు. ఎన్నడైనా అంతే.

జనవరి 18, శనివారం

కటింగ్ అయింది, కుట్టుడు గూడ అయితున్నది. పైన ఎండకు రంగు పోని నీలం బట్ట. అది నీళ్ళను జల్ది దిగనియ్యదు, గని కుట్లల్ల నుంచి ఎట్లన్న దూరుతయ్. దూరినయ్ కిందికి పోవాలె గదా. అందుకే అడుగుకు బట్ట కాదు, వల లెక్క తూట్లున్న జాలీ. అది లేకుంటె ఎంత మంచి ఫోమ్ ఏసినా దండుగ. నీళ్ళు ఆగి కుళ్ళి కంపు గొడ్తది.

మామ జాలీ చూసి మొఖం అదోలెక్క వెట్టిండు. వేలు దూర్చి చూసిండు. ఇన్ని తూట్లా బిడ్డా అన్నడు. లూమ్ మనిషికి బట్టల తూటు అంటే పాపం కంటె ఎక్కువ. పడుసుతనంల ఆయన నేసిన తానుల తూటు కనవడ్డదని సేట్ లూమ్ షటిల్ తోని చెయ్యి మీద కొట్టిండంట. షటిల్‌కు రెండు దిక్కుల ఇనుప మొన ఉంటది. రెండు వేళ్ళు ఇప్పటికి ముడుసుకోవు. ఆ కథ మల్ల చెప్పిండు. నేను మిషన్ ఆపకుంటనే ఇన్న. పడవకు గట్లనే ఉండాలె మామా అన్న. ఎందుకో చెప్పలే. టైమ్ ఏది?

జనవరి 20, సోమవారం, పొద్దుగాల

ఆరు గద్దీలు తయారు. గాలికి ఎగిరిపోకుంట బిగిచ్చే క్లిప్పులు భివండిల దొరకలే, ఠాణే ఊరికి పోతున్న. రాజమణి సెలవు. మామను గాలాల కూసోవెట్టిన. గురువారం డెలివరీ.

అదే దినం, సాయంత్రం ఆరు

ఆరు గద్దీలకు అడుగు జాలీ మీద నీలం బట్ట కుట్టి వెట్టిండు మామ. చేతితోని. మిగిలిన బట్ట అంత వాడిండు. తూట్లు కనవడకుంట చేసిన బిడ్డా అన్నడు. కండ్లు ఎర్రగున్నయ్, సంతోషంగున్నడు.

జనవరి 21, మంగళవారం

నిన్న అక్కడ ఆపిన. మొత్తం రాస్త.

నేను అరిసిన. పక్క గాలాల లూమ్‌లు నడుస్తుంటె గూడ ఇనవడ్డదంట. కండ్లు దొబ్బినయా, బుర్ర కుళ్ళిందా, మూలకు కూసొని సావరాదా అన్న. మామను. సావరాదా అన్న. ఆయన సూది వట్టుకొని అట్లనే నిలవడ్డడు. తూట్లు చూస్తె మేడమ్ నిన్ను కొడ్తదేమో అనుకున్న బిడ్డా అన్నడు.

అప్పుడే జాన్సన్ వచ్చిండు. ఏమైందో నేనే చెప్పిన, అదే గొంతుతోని. ఆర్డర్ పోయినట్టేనా, బట్టకు ఫోమ్‌కు వెట్టిన పైసలు గూడ పోయినట్టేనా అన్నడు. కటింగ్ బల్ల మీది ఇనుప గజం తీసిండు. నాకే అనుకొని మొఖంకు చెయ్యి అడ్డం వెట్టుకున్న. నాకు కాదు. తండ్రిని కొట్టిండు. భుజం మీద ఒకటి. పడ్డంక ఈపు మీద. నీ పిచ్చికి నా ఇల్లు ఆగం చేసినవ్ అనుకుంట కొట్టిండు. మామ దెబ్బలు తినుడు వచ్చినోని లెక్క తల కడుపుల వెట్టుకున్నడు. అది చూసినంక నాకు మతి లేదు.

గజం గుంజుకున్న. మల్ల తీసుకుందామని చెయ్యి చాపిండు. మోచేతి కింద కొట్టిన. ఇరిగినట్టు నా చేతులకే తెలిసింది. కూలవడ్డడు. ఇంకొకటి ఎత్తిన. తలకు చూసే ఎత్తిన, దేవుడు చూసిండు, దాస్తె ఏం లాభం. మామ పాకుకుంట వచ్చి కొడుకు మీద బోర్లవడ్డడు. గజం పడేసిన.

ఇయ్యాల పొద్దుగాల ఒక్కదాన్నే గాలాకు పోయి మామ కుట్లు ఇప్పిన. బట్ట చినగొద్దని లూజుగ కుట్టిండు. ఒక్క బ్లేడు సరిపోయింది. పగటి బువ్వ యాళ్ళకే ఆరు గద్దీలకు జాలీ బయటవడ్డది. ఒక్క పూట పని. గింత దానికి.

మస్తు ఏడ్సిన.

జనవరి 23, గురువారం

టెంపోల ముంబై పోయినం, నేను, రాజమణి. ఒడ్డు కాన్నుంచి చిన్న పడవల గద్దీలు మోసుకొని పెద్ద పడవ ఎక్కినం. రాజమణి కక్కుకున్నది. కాక్‌పిట్‌ల పరిసిన. ఎక్కడ గూడ సందు లేదు. మేడమ్ ఏం అడగకముందే బకెట్ తోని సముద్రం నీళ్ళు గద్దీల మీద కుమ్మరిచ్చిన. ఆమె అయ్యయ్యో అన్నది. ఒక్కటెత్తి చూపిచ్చిన, అడుగు నుంచి బొటబొట కారిపోయినయ్. ఆమె మొగడు కూసున్నడు. కాళ్ళు ఎదురు సీటుకు తన్నివెట్టిండు. ఇంక లేవలే. మేడమ్ బిస్కట్లు వెట్టినా ఆడనే కూసొని తిన్నడు. ఇంకో రెండు పడవల వాళ్ళకు నా నంబర్ ఇచ్చింది.

గాలా నిలిచింది. ఇంటికొస్తె ఎవ్వరు లేరు. జాన్సన్ పట్టీ చెయ్యితోని వాళ్ళ అన్న ఇంటికి పోయిండంట. మామ గూడ ఆయన ఎంబడి పోయిండంట. కొట్టినోని ఎంబడి.

జనవరి 26, ఆదివారం

చర్చి సంఘ పెద్దలు ఇంటికి వచ్చిన్రు, నలుగురు. అండ్ల మామ ఒకడు. ఈపు నొప్పికి కుర్చీల వంగి కూసున్నడు. మొగని మీద చెయ్యి ఎత్తినవు గనుక ప్రభువు బల్ల ఆపుతున్నం అన్నరు. రొట్టె లేదు, రసం లేదు. జాన్సన్ కాళ్ళు మొక్కి గాలా బంద్ చేస్తె మల్ల ఇస్తరంట.

మరి తండ్రిని కొట్టినోనికి ఇస్తరా అని అడిగిన. అది తండ్రి క్షమిచ్చిండు అన్నరు. మామ దిక్కు చూసిన. నా కొడుకు చెయ్యి ఇరగ్గొట్టినవ్ బిడ్డా అన్నడు. అదొక్కటే అన్నడు. నీ కోసమే గదా ముసలోడా అని గొంతుదాకా వచ్చింది. మింగిన. చాయ్ అడగకుంటనే పంపేసిన.

జనవరి 29, బుధవారం

జాన్సన్ బట్టలు, మామ అద్దాలు రాజమణితోని పంపిన. కొత్త ఆర్డర్‌కు కటింగ్ మొదలువెట్టిన.

ఫిబ్రవరి 2, ఆదివారం

చర్చిల ప్రభువు బల్ల దినం. ముందటి వరుసల కూసున్న. రొట్టె పళ్లెం మామ చేతులనే ఉన్నది. నా కాడికి వచ్చి ఆగిండు. తల దించుకొని నన్ను దాటిండు. నేను లేసి, మణికట్టు వట్టి ఆపి, నా ముక్క నేనే తీసుకున్న. నమిలిన.