రేవు కెమెరాకు వీపు తిప్పి

ఓడ్‌వార్ గారికి,

ఇంటర్నెట్లో మన రేవును చూపించే కెమెరాను రేపు పొద్దున్నే కొత్త వంతెన వైపు తిప్పేస్తామని నోటీసు అంటించారు. కొట్టు దగ్గర అడిగితే, "దాన్నెవరు చూస్తారమ్మా, నీటికాకులు తప్ప!" అని నవ్వారు. అంతమందిలో చెప్పలేక, ఈ ఉత్తరాన్ని మీ రేవు ఆఫీసు తలుపు కిందనుంచి తోస్తున్నాను.

మా అక్క టూరిద్ చూస్తుంది. నాన్న పడవను తనకు చెప్పకుండా అమ్మేశానని, "ఇక జన్మలో నీ మొహం చూడను" అని బెర్గెన్ వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళయింది. ఫోను ఎత్తదు. కానీ రోజూ మధ్యాహ్నం కంప్యూటర్లో మన రేవును తెరుచుకుని కూర్చుంటుందని ఆమె కూతురు నాతో అంది.

అప్పటినుంచి రోజూ పన్నెండింటికి దీపస్తంభం కింద నిలబడుతున్నాను. నా మొహం చూడనన్న అక్క ఒట్టు చెడకూడదని కెమెరాకు వీపు తిప్పి నిలబడతాను. పొగమంచు పట్టిన రోజుల్లో రేవంతా కరిగిపోయి, పడవలు గాల్లో తేలుతున్నట్టుంటాయి. వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టు వెచ్చగా ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు నాకు మతిపోయిందనుకుంటారు. అనుకోనివ్వండి.

నిన్న ఫోనులో అక్క దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. తొమ్మిదేళ్ళలో అదే మొదటిది.

"కోటు వీపున కుట్టు ఊడింది. చూసుకోవా, మొద్దూ!"

విప్పి చూశాను. నిజమే, జానెడు ఊడింది. ఇంకా కుట్టలేదు. కుట్టేస్తే మళ్ళీ ఏ వంకతో తిడుతుంది?

మీ పని ఆపమనను. పొద్దున్న కాకుండా సాయంత్రం తిప్పుకోండి. రేపు పన్నెండింటికి నేను కెమెరా వైపు తిరుగుతాను.